ఆకాశపు గొడుగు

మనము పీల్చు గాలికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అందుచే దానియందు ఏమియు జరుగుట లేదని సామాన్యులు తలంతురు. కాని శాస్త్రజ్ఞుని దృష్టికి వాయుమండలమొక గొప్ప రసాయనశాల. అచ్చట సూర్యరశ్మి తగులగా అణువులు విడిపోవుచు, మరల కలియుచు, క్రొత్త రూపములు దాల్చుచుండును. వానిలో కొన్ని మిక్కిలి చురుకైనవి. అవి ఒంటరిగా నిలువజాలక, ఎదురుపడిన అణువుతో తక్షణమే చర్య జరుపును. అట్టి అణువుల నడవడిని జీవితమంతయు పరిశీలించి, లోకమునకు రానున్న ముప్పును ముందుగా కనుగొన్నవారిలో ఒకడు మారియో మోలినా.

మోలినా 1943వ సంవత్సరము మార్చి 19వ తేదీన మెక్సికో నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది, పిమ్మట రాయబారిగను పనిచేసెను. బాల్యమున మోలినాకు ఆటవస్తువు వంటి చిన్న సూక్ష్మదర్శిని యొకటి లభించెను. దాని క్రింద నీటిబొట్టు నుంచి చూడగా అందు అమీబా, పారమీసియము మున్నగు జీవులు సంచరించుచుండెను. కంటికి కానరాని లోకమొకటి కలదని ఆనాడు అతనికి బోధపడెను. అంతట ఇంటిలో వాడుకలేని స్నానపు గదిని అతడు ప్రయోగశాలగా మార్చుకొనెను. అతని మేనత్త ఎస్తేర్ మోలినా రసాయన శాస్త్రము నెరిగినది. ఆమె మేనల్లుని ఉత్సాహమును గమనించి, కళాశాల విద్యార్థులు చేయదగిన ప్రయోగములను సైతము అతనిచే చేయించెను.

పదునొకండవ యేట తలిదండ్రులు అతనిని చదువునకై స్విట్జర్లాండు దేశమునకు పంపిరి. రసాయన శాస్త్రజ్ఞుడు కాగోరువానికి జర్మను భాష అవసరమని వారి తలంపు. బాలునకు వాయులీనమనిన ప్రీతి మెండు. సంగీతమా, శాస్త్రమా యను ప్రశ్న అతని మనస్సున కొంతకాలము మెదలెను. తుదకు శాస్త్రమే గెలిచెను. స్వదేశమునకు మరలివచ్చి 1965లో రసాయన ఇంజనీరింగు పట్టమును పొందెను. పిదప జర్మనీలోని ఫ్రైబుర్గు విశ్వవిద్యాలయమున చదివెను. 1968లో అమెరికాలోని బర్క్‌లీ నగరమునకు చేరి, జార్జి పిమెంటెల్ అను ఆచార్యునికడ భౌతిక రసాయన శాస్త్రమున పరిశోధన సాగించి, 1972లో డాక్టరు పట్టము నందెను.

అణువులు చర్య జరుపునపుడు వెలువడు శక్తి వానియందు ఏ తీరున పంచుకొనబడునో తెలిసికొనుటయే అతని పరిశోధన విషయము. అందులకు రసాయన లేసరులు సాధనములయ్యెను. కాని అట్టి శక్తిమంతములైన లేసరులను మరికొన్నిచోట్ల ఆయుధములుగా రూపొందించు యత్నములు జరుగుచున్నట్లు అతనికి తెలియవచ్చెను. అతని మనస్సు కలత చెందెను. తన విద్య లోకమునకు కీడు కాక మేలు చేయవలెనను కోరిక అప్పుడే అతనియందు బలపడెను.

1973లో మోలినా కాలిఫోర్నియాలోని ఇర్వైన్ నగరమునకు పోయి, షెర్వుడ్ రోలండ్ అను ఆచార్యుని కడ చేరెను. రోలండ్ కొన్ని పరిశోధనాంశములను చెప్పి, నచ్చినదానిని ఎన్నుకొనుమనెను. మోలినా క్లోరోఫ్లోరో కార్బనులను ఎన్నుకొనెను. ఇవి మానవుడు సృష్టించిన వాయువులు. వీనికి విషగుణము లేదు; ఇవి అంటుకొని మండవు. అందుచే శీతలీకరణ యంత్రములయందును, సుగంధములను తుంపరగా చిమ్ము డబ్బాలయందును వీనిని విరివిగా వాడుచుండిరి. ఏటేట లక్షలకొలది టన్నులు తయారగుచుండెను. వాడిన పిమ్మట అవి గాలిలో కలిసిపోవుచుండెను. గాలిలో అవి వ్యాపించి యున్నట్లు అంతకు ముందే జేమ్స్ లవ్‌లాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కొలిచి చూపెను. అయినను అవి తుదకు ఏమగునని అడిగినవారు అరుదు.

మొదట ఈ విషయము మోలినాకు సైతము అంత రుచింపలేదు. అయినను క్రమముగా లెక్కలు వేయ మొదలిడెను. ఈ వాయువులు వాననీటిలో కరగవు. ఇతర వాయువులతో చర్య జరుపవు. కావున క్రింది గాలిలో వానికి నాశము లేదు. అవి పదుల యేండ్లు తేలియాడుచు మెల్లమెల్లగా పైకి చేరును. అచ్చట, భూమికి 15 మొదలు 35 కిలోమీటర్ల యెత్తున, ఓజోను పొర యున్నది. సూర్యుని తీవ్రమైన అతినీలలోహిత కిరణములను అడ్డగించి ప్రాణికోటిని కాపాడు గొడుగు అదియే. ఆ ఓజోనునంతను నేలమట్టమునకు తెచ్చి పరచినచో దాని మందము సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే!

ఆ యెత్తున అతినీలలోహిత కిరణములు తాకినంతనే క్లోరోఫ్లోరో కార్బను అణువు పగిలి, క్లోరిన్ పరమాణువు విడివడును. ఈ పరమాణువు ఓజోను అణువునుండి ఒక ఆమ్లజని పరమాణువును లాగుకొని క్లోరిన్ మోనాక్సైడు అగును. అది మరియొక ఆమ్లజని పరమాణువును కలిసికొన్నచో క్లోరిన్ మరల ఒంటరియై, వేరొక ఓజోను అణువుపై బడును. తాను తరుగక యెదుటిదానిని తరుగజేయుట దాని స్వభావము. ఈ విధముగా ఒక్క క్లోరిన్ పరమాణువు 1,00,000 ఓజోను అణువుల వరకు నాశనము చేయగలదు. అగ్గిపుల్ల చిన్నదే, కాని అడవిని కాల్చును గదా!

లెక్క ముగిసినప్పుడు మోలినా సంతోషింపలేదు, బెదరెను. ఎక్కడనో పొరపాటు జరిగియుండునని తలచి గురుశిష్యులిరువురు మరల మరల పరీక్షించిరి. బర్క్‌లీలోని పెద్దలతో చర్చించిరి. తప్పు కనబడలేదు. 1974వ సంవత్సరము జూన్ 28వ తేదీన 'నేచర్' పత్రికలో వారి వ్యాసము వెలువడెను.

ఇప్పుడు వారియెదుట గడ్డు సమస్య నిలిచెను. వ్యాసము ప్రకటించి ఊరకుండుట సులభము. శాస్త్రజ్ఞుని పని అంతటితో ముగియునని పలువురి అభిప్రాయము. కాని ఆకాశమున నష్టము కంటికి కనబడువరకు వేచియుండినచో, అప్పటికే పైకి చేరిన వాయువును వెనుకకు మరలించు ఉపాయము లేదు. అందుచే వారు పత్రికలవారితో మాటాడిరి. శాసనసభ్యుల యెదుట సాక్ష్యమిచ్చిరి. ఈ వాయువుల వాడుకను మానవలెనని నిర్భయముగా పలికిరి. తయారీదారులు దీనిని కేవలము ఊహయని త్రోసిపుచ్చిరి. ఆకాశమున ఎవరును చూడని నష్టమునకై లాభకరమైన పరిశ్రమను ఏల మూయవలెనని వారు ప్రశ్నించిరి. మోలినా కోపింపలేదు, ప్రయోగములతో బదులు చెప్పెను. 1976లో అమెరికా జాతీయ శాస్త్ర పరిషత్తు వీరి సిద్ధాంతమును బలపరచెను. 1978లో ఆ దేశమున చిమ్ము డబ్బాలయందు ఈ వాయువుల వాడుక చాలవరకు నిషేధింపబడెను.

1982లో ఆయన ఆచార్య పదవిని వీడి, జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో చేరెను. అచ్చట తన చేతులతోనే మరల ప్రయోగములు చేయు అవకాశము దొరకెను. 1985లో జోసెఫ్ ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జోనథాన్ షాంక్లిన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు ఒక వార్తను ప్రకటించిరి. దక్షిణ ధ్రువ ప్రాంతమున వసంతకాలమందు ఓజోను మూడవ వంతుకు పైగా తగ్గినది! ఊహించినదానికంటె ఇది యెంతయో అధికము. కారణమేమి? ధ్రువపు చలికాలమున ఆకాశమందు మంచుమేఘము లేర్పడును. ఆ మంచు కణములపై, నిద్రించుచున్న క్లోరిన్ సమ్మేళనములు చురుకైన రూపమును దాల్చునని మోలినా బృందము ప్రయోగమున చూపెను. మరియు ఆయనయు, ఆయన సహధర్మచారిణి లూయీసా మోలినాయు, రెండు క్లోరిన్ మోనాక్సైడు అణువులు జతగూడి, సూర్యరశ్మికి విడిపోయి, క్లోరినును మరల విడుదల చేయు విధమును వివరించిరి.

1987వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన కెనడాలోని మాంట్రియల్ నగరమున పలుదేశములవారు ఈ వాయువులను తగ్గించుటకు ఒడంబడికపై చేవ్రాలు చేసిరి. భారతదేశము 1992లో అందు చేరెను. క్రమముగా ఐక్యరాజ్యసమితి సభ్యదేశములన్నియు చేరినవి. నష్టము పూడుటకు కాలము పట్టును. నియమములను తప్పక పాటించినచో దక్షిణ ధ్రువప్రాంతపు ఓజోను 2066 ప్రాంతమున 1980 నాటి స్థితికి వచ్చునని 2022లో శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. ఏటేట సెప్టెంబరు 16వ తేదీని ఓజోను దినముగా జరుపుకొనుటకు కారణమిదియే.

1995లో మోలినా, రోలండ్, పాల్ క్రుట్జెన్ అను మువ్వురికి రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. తన భాగమున వచ్చిన ధనములో 2,00,000 డాలర్లను మోలినా పేదదేశముల యువశాస్త్రజ్ఞులు పర్యావరణ పరిశోధన చేయుటకై దానమిచ్చెను. తుదికాలమున స్వదేశపు నగరముల గాలిని శుభ్రపరచు యత్నములకు తోడ్పడుచు, 2020వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన తాను పుట్టిన మెక్సికో నగరముననే తనువు చాలించెను.

నీటిబొట్టులో జీవిని చూచి విస్మయపడిన బాలుడు, పెద్దవాడై ఆకాశమున పరమాణువును చూచి లోకమును మేల్కొలిపెను. కంటికి కనబడదు గనుక లేదనుట అజ్ఞానము. తెలిసినదానిని తనలో దాచుకొనుట తప్పు. తెలిసికొని, సరిచూచుకొని, నలుగురికి చెప్పుటయే విద్యకు సార్థక్యము.