నవ్వించే హక్కు

మేం నోరు తెరిస్తే నవ్వుతారు. బళ్లో తెలుగు పాఠం చదివితే 'సాయిబుల తెలుగు' అని వెనక బెంచీలోంచి కిసుక్కుమనేవాళ్లు. ఉర్దూ బాగా చదువుకున్న పెద్దల ముందు మాట్లాడితే 'యే భీ కోయీ జబాన్ హై?' అని మొహం చిట్లించేవాళ్లు. తెలుగు సినిమాలో మా పాత్ర వచ్చిందంటే 'నువ్వు ఎక్కడికి పోతుంది?' అనాల్సిందే, హాలంతా ఘొల్లుమనాల్సిందే. రెండు భాషల మధ్య పుట్టినందుకు రెండు వైపులా నవ్వులపాలయ్యాం.

మా ఇళ్లల్లో నలిగిన మాట దక్కనీ. 'నక్కో', 'హౌ', 'కైకూ', 'బాతాఁ', 'లోగాఁ'. మా 'పర్సోఁ'కి లెక్క లేదు. మొన్న జరిగినా పదేళ్ల కింద జరిగినా మాకు పర్సోఁనే. ఇదే మాటలో 1580 నుంచి 1612 దాకా గోల్కొండ ఏలిన కులీ కుతుబ్ షా కవిత్వం రాశాడు. 1687లో గోల్కొండ మొగలుల చేతికి పోయింది. ఆ తర్వాత ఢిల్లీ ఉర్దూ గొప్పదైంది. పాదుషా నోటి మాట బస్తీ మాటయింది, వంటింటి మాటయింది.

పరువు లేని ఈ మాటనే కొందరు పనిగట్టుకుని వేదిక ఎక్కించారు. 1962లో హైదరాబాదులో 'జిందా దిలాన్' అనే సంస్థ పుట్టింది. 1968లో 'షగూఫా' అనే హాస్య పత్రిక మొదలైంది. పెద్ద ముషాయిరాల్లో గులాబీలు, బుల్‌బుల్‌లు, విరహాలు. మిజాహియా ముషాయిరాల్లో ఖట్టీ దాల్, ఇంటి అద్దె బాకీ, ఒకటో తారీఖు జీతం, అత్తాకోడళ్ల పంచాయితీ. ఎవరికీ పట్టని వాటి మీద ఇంత మోజేమిటని పండితులకు విడ్డూరం. ఆ కవులు పెట్టుకున్న పేర్లు చూడండి: సర్వర్ డండా, గౌస్ ఖామఖా, పాగల్ ఆదిలాబాదీ. ఒకరు దుడ్డుకర్ర, ఒకరు ఊరకే, ఒకరు పిచ్చోడు. మీరు తిట్టకముందే మమ్మల్ని మేమే తిట్టుకున్నాం, ఇక మీకేం మిగిలిందన్నట్టు. గుల్బర్గా వైపు సులేమాన్ ఖతీబ్ పెళ్లిచూపుల బేరాలను నవ్విస్తూ నవ్విస్తూ చెప్పి, చివరికి ఆడపిల్ల తల్లి ఏడుపు మన గొంతులో పెట్టి పోతాడు.

1965లో రెండు సంగతులు జరిగాయి. 'గుమ్‌నామ్' సినిమాలో బట్లర్ వేషం కట్టిన మెహమూద్ నోట మా హైదరాబాదీ మాట విని దేశమంతా నవ్వింది. మేమూ నవ్వాం. కానీ అక్కడ ఆ మాట నౌకరుది, దొరలది కాదు. అదే ఏడాది బబ్బన్ ఖాన్ 'అద్రక్ కే పంజే' నాటకం మొదలుపెట్టాడు. 2001 దాకా పదివేలకు పైగా ప్రదర్శనలు, గిన్నిస్ బుక్కులో చోటు. అందులో కథేముంది? చాలీచాలని జీతం, ఇంటినిండా పిల్లలు, గుమ్మంలో అప్పులవాళ్లు. అల్లం కొమ్ముకు పంజాలు మొలిచినట్టు సంసారం పెరిగిపోవడం. అక్కడ నవ్వు భాషను చూసి కాదు, లేమిని చూసి.

ఇక్కడే ఒక మాట అడగాలి. 'మీకు పిల్లలెక్కువ' అని మమ్మల్ని ఎన్నిసార్లు అనలేదు? టీ కొట్టు దగ్గర, ఎన్నికల సభల్లో, అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు. అదే సంగతిని బబ్బన్ ఖాన్ మా మధ్య నిలబడి చెబితే మేం పగలబడి నవ్వాం, ఇంటికెళ్లి ఆలోచించాం. లోపలివాడు అంటే బుద్ధి, బయటివాడు అంటే తిట్టు. మాట ఒకటే, నోరు వేరు. ఈ తేడా తెలియనివాళ్లు 'మీకు హాస్యం తెలీదు' అని మాకు పాఠం చెబుతారు!

మా నవ్వులోనూ ముళ్లున్నాయి. ఆ వేదికల మీద బీబీ ఎప్పుడూ గయ్యాళే, నల్లపిల్ల ఎప్పుడూ వేళాకోళమే. మా అమ్మీలు, ఆపాలు నవ్వుకు సరుకయ్యారు గానీ మైకు ముందుకు రావడం అరుదు. వాళ్లు నవ్వించే రోజు వస్తే ఎవరి బండారం బయటపడుతుందో మాకు తెలుసు.

ముజ్తబా హుస్సేన్ జీవితమంతా నవ్విస్తూ బతికాడు. 2007లో పద్మశ్రీ ఇచ్చారు. 2019 డిసెంబరులో, పౌరసత్వ చట్టం మీద దేశం అట్టుడుకుతున్నప్పుడు, దాన్ని వెనక్కిస్తానన్నాడు. 2020లో కన్నుమూశాడు. నవ్వించేవాడే నవ్వలేని కాలం వచ్చిందంటే ఇంకేం చెప్పాలి?

మాలో తెలుగు బడుల్లో చదివినవాళ్లం 'షగూఫా' చదవలేం. ఆ లిపి మాకు రాదు. ఆ కవుల్ని క్యాసెట్లలో చెవులారా విన్నవాళ్లమే. దూదేకుల ఇళ్లల్లో ఆ మాట కూడా లేదు, అచ్చంగా తెలుగే. అయినా మా నానీమా మాటను మాకొచ్చిన తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాం. 'నక్కో' కనిపిస్తే, 'హౌ' కనిపిస్తే ఎర్రసిరా తీయకండి. అవి అచ్చుతప్పులు కావు.