ఇల్లు కదలకుండా నాలుగు రాష్ట్రాలు

హైదరాబాదు - విజయవాడ బస్సెక్కేవాళ్ళకి సూర్యాపేట అంటే టీ, టిఫిను. కోదాడ అంటే "ఇంకాసేపట్లో ఆంధ్రా వచ్చేస్తుంది" అనే గుర్తు. ఈ రెండిటి మధ్యా హైవే పక్కనే మునగాల అని ఓ ఊరుంది. ఆ టైముకి సగం బస్సు కునుకు తీస్తుంటుంది కాబట్టి దాన్ని చూసినవాళ్ళు తక్కువ.

మాది కోదాడ. అమ్మ వాళ్ళది జగ్గయ్యపేట. అమ్మానాన్నల పెళ్ళయినప్పుడు అది పక్క జిల్లా సంబంధం. 2014 జూన్ 2 నుంచి పక్క రాష్ట్రం సంబంధం అయిపోయింది :) ఆఫీసులో కొత్తగా ఎవరు పరిచయమైనా, పేరు తర్వాత అడిగేది ఒకటే... "మీది ఆంధ్రానా, తెలంగాణానా?" కోదాడ అని చెప్తే "ఓ, బోర్డరా!" అని నవ్వుతారు. ఆ నవ్వులో "అయితే అటూ ఇటూ కాదన్నమాట" అనే అర్థం కూడా కొంచెం వినిపిస్తుంది నాకు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో బాబాయిని బండెక్కించుకుని మునగాల, అక్కణ్ణించి నడిగూడెం వెళ్ళాను. "పాత కోట తప్ప ఏముందిరా అక్కడ?" అన్నాడు బాబాయి. ఉంది మరి.

స్వతంత్రానికి ముందు మ్యాపు చూస్తే చుట్టూతా నిజాం రాజ్యం. మధ్యలో చిన్న ద్వీపంలా మునగాల పరగణా, నలభై దాకా ఊళ్ళు. అది నిజాందే కాదు! బ్రిటిషు వాళ్ళ మద్రాసు ప్రెసిడెన్సీ, కృష్ణా జిల్లా. అంటే పొలం గట్టు దాటితే కోర్టు మారుతుంది, పోలీసు మారతాడు, రూపాయి కూడా మారుతుంది. ఇక్కడ కంపెనీ రూపాయి, అక్కడ హాలీ సిక్కా.

1947 ఆగస్టు 15న మునగాల స్వతంత్ర భారతంలో ఉంది. పక్కూరు లేదు. పక్కూరికి ఇంకో పదమూడు నెలలు పట్టింది. 1948 సెప్టెంబరు 13న బెజవాడ వైపు నుంచి భారత సైన్యం కోదాడ మీదుగా సూర్యాపేటకి కదిలింది ఈ దారినే. సూర్యాపేట దగ్గర మూసీ వంతెనని నిజాం సేనలు పేల్చేశాయి. ఇప్పుడు మనం ఏసీ బస్సులో నిద్రపోతూ దాటే రోడ్డు ఇది.

తర్వాత కథ ఇంకా బావుంటుంది. 1953లో మునగాల ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి. 1959లో కృష్ణా జిల్లా నుంచి తీసి నల్గొండలో కలిపారు. 2014లో తెలంగాణా. 2016లో సూర్యాపేట జిల్లా.

మునగాలలో టీ తాగుతుంటే ఓ పెద్దాయన కలిశాడు. తొంభైకి దగ్గర్లో ఉంటాడు. "తాతా, మీరెక్కడి వాళ్ళు?" అనడిగాను. "ఈడనే పుట్టిన. ఇల్లు మారలే, బాయి మారలే. మూడు జిల్లాలు, నాలుగు రాష్ట్రాలు చూసిన" అన్నాడు తాపీగా. మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్, తెలంగాణా... వేళ్ళ మీద లెక్కేశాను, సరిపోయింది! మేము ఆన్‌సైటు కోసం వీసాలు పట్టుకుని తిరుగుతాం. ఈయన మంచం మీంచి లేవకుండానే తిరిగాడు.

నడిగూడెం కోట ఈ పరగణా రాజావారిది. నాయని వెంకట రంగారావు గారు. ఆయన దగ్గర దివానుగా పనిచేసింది కొమర్రాజు లక్ష్మణరావు గారు. వీళ్ళిద్దరూ, రావిచెట్టు రంగారావు గారూ కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. సుల్తాన్ బజార్లో ఉన్న లైబ్రరీ అదే. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి. సైన్సు, చరిత్ర తెలుగులో అచ్చేయాలని పూనుకున్న సంస్థ అది. నిజాం ఏలుబడిలో కచేరీ భాష ఉర్దూ. అలాంటి చోట తెలుగు లైబ్రరీకి డబ్బూ ధైర్యమూ ఇచ్చినవాళ్ళలో ఒకాయన నిజాం ప్రజే కాదు, చుట్టూ నిజాం ఉన్న ఊరివాడు. రెండు వైపులా కాలు ఉన్నవాడికే ఇటువాళ్ళకి ఏం లేదో, అటువాళ్ళకి ఏం ఉందో తెలుస్తుందని నాకనిపించింది. జెండా రూపకర్త పింగళి వెంకయ్య గారు కూడా ఇక్కడ ఉన్నారని, నమూనాలు ఇక్కడే గీశారని నడిగూడెం వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఇదే జమీందారీలో వెట్టి ఉండేది. 1930ల్లో రైతులు ఇదే రాజావారి మీద తిరగబడ్డారు. లైబ్రరీ నిజం, వెట్టీ నిజం. కోట గోడ పక్కన నించుని ఒకటి గుర్తుపెట్టుకుని ఇంకోటి మర్చిపోవడం కుదరదు.

సరిహద్దు అంటే పాత ముచ్చటే కదా అనుకోకండి. 2021 మేలో, కరోనా రెండో వేవులో, కోదాడ దగ్గర రామాపురం చెక్‌పోస్టులో ఆంధ్రా వైపు నుంచి హైదరాబాదుకి వస్తున్న అంబులెన్సులని ఆస్పత్రి అనుమతి లేదని ఆపారు. హైకోర్టు స్టే ఇచ్చేదాకా నడిచింది ఆ గొడవ. ఆ వారమంతా అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. జగ్గయ్యపేటలో అమ్మమ్మకి ఎనభై దాటాయి. ఆవిడకి ఏదైనా అయితే హైదరాబాదు తీసుకురావాలా, విజయవాడ తీసుకెళ్ళాలా అని ఇంట్లో చర్చ. దూరం లెక్క కాదు, గేటు లెక్క! అదృష్టం, ఏమీ కాలేదు. కానీ అరగంట దారి అంత పొడుగ్గా మా ఇంట్లో ఎప్పుడూ అనిపించలేదు.

రాష్ట్రాలు ఎందుకు విడిపోయాయి, ఎవరిది న్యాయం అనే చర్చ నాకొద్దు. నీళ్ళు, ఉద్యోగాలు, దాని బాధలు దానికున్నాయి. నేను చెప్పేది చిన్న విషయం. "మీది ఏ వైపు?" అనే ప్రశ్నకి మునగాలలో జవాబు రావాలంటే ముందు ఏ సంవత్సరమో చెప్పాలి. అలాంటి జవాబుతో మనిషిని కొలవడం ఎంతవరకు సబబు?

వచ్చేటప్పుడు బాబాయి అన్నాడు, "ఊరు బానే ఉందిరా, ఈసారి మీ అమ్మమ్మని కూడా తీసుకొద్దాం, ఆవిడ పుట్టినప్పుడు ఇదీ వాళ్ళ జిల్లానే కదా" అని. నిజమే. ఎండాకాలం రాకముందే తీసుకెళ్ళాలి.