“ఐయామ్ ఫైన్ మేడమ్”

సియాటెల్ దగ్గరుండే మా అక్క మొన్న వీడియో కాల్‌లో ఒక ఫారం చూపించింది. వాళ్లబ్బాయి స్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాలంటే ఏటా వాడూ, అమ్మానాన్నల్లో ఒకరూ దాని మీద సంతకం పెట్టాలి.

దాని వెనక జాకరీ లిస్టెట్ అనే అబ్బాయి కథ ఉంది. 2006లో, 13 ఏళ్లప్పుడు, మ్యాచ్‌లో తల నేలకు గట్టిగా తగిలింది. కాసేపు కూర్చుని మళ్లీ దిగాడు. ఆట అయ్యాక కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తస్రావం. మళ్లీ మాట రావడానికే నెలలు పట్టింది. హెల్మెట్ ఉంది కదా అనుకుంటాం. అది పుర్రెను కాపాడుతుంది గానీ లోపల మెదడు అదరకుండా ఆపలేదు.

2009లో వాషింగ్టన్ రాష్ట్రం చట్టం చేసింది. మెదడుకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, పిల్లల్ని వెంటనే ఆట ఆపించాలి. వైద్యులు రాసిచ్చేదాకా మళ్లీ దింపకూడదు. కోచ్ అడిగినా, నాన్న అడిగినా కుదరదు. తర్వాత మిగతా రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలే తెచ్చాయి. పెద్దవాళ్ల ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కూడా 2018 నుంచి తల వంచి హెల్మెట్‌తో ఢీకొంటే 15 గజాల పెనాల్టీ.

నిరుడు కబడ్డీలో మా ఏడో తరగతి బాబు తలకు దెబ్బ తగిలింది. “ఐయామ్ ఫైన్ మేడమ్” అన్నాడు. సరే వెళ్లమన్నాను. అదృష్టం, ఏమీ కాలేదు. ఈసారి మాత్రం కూర్చోబెట్టి మీకు ఫోన్ చేస్తాను, వాడు అలిగినా సరే.