షార్జాలో నా పేరు హిందీ

అరబ్బులు మన దేశస్థుణ్ణి 'హిందీ' అంటారు. ఏ భాష మాట్లాడతాడు, ఏ దేవుణ్ణి మొక్కుతాడు అన్నది ఆ మాటకు అక్కర్లేదు. హింద్ నుంచి వచ్చినవాడు హిందీ, అంతే. 2019లో షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌గా చేరాను. మొదటి వారమే, సరుకు చూసుకోవడానికి వచ్చిన అరబ్బు ఒకాయన "యా హిందీ!" అని కేకేశాడు. నేను తిరిగి చూడలేదు. మళ్లీ కేకేశాడు. పిలుస్తున్నది నన్నే.

జగిత్యాల పక్కన మా ఊళ్లో నేను సాయబుల పిల్లగాణ్ణి. బడిలో తురుకోణ్ణి. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో గది కోసం తిరిగితే, పేరు అడిగి "మీవాళ్లకు ఇవ్వం" అన్నారు చూడండి, ఆ మీవాళ్లలో ఒకణ్ణి. ఇరవై నాలుగేళ్లు వచ్చాక, పరాయి దేశంలో, ముక్కూ మొహం తెలియని మనిషి నన్ను నా దేశం పేరు పెట్టి పిలిచాడు. ఆ పిలుపులో గౌరవమేమీ లేదు. కూలివాణ్ణి కేకేసినట్టే కేకేశాడు. అయినా చాలాసేపు చెవిలో మోగింది.

అక్కడ 'బ్యాచిలర్' అంటే పెళ్లికానివాడని కాదు. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చినవాడు కూడా బ్యాచిలరే. అద్దెకు దొరికేది గది కాదు, మంచం. దానికి బెడ్ స్పేస్ అని పేరు. మా గదిలో రెండంతస్తుల మంచాలు మూడు, మనుషులం ఆరుగురం. నేనూ మా ఊరి పక్క అన్న ఒకాయనా, కడప ఆయన ఒకరు, మలయాళీలు ఇద్దరు, పెషావర్ పఠాన్ ఒకాయన. ఆయన్ని మేం ఖాన్ సాబ్ అనేవాళ్లం. మంచానికి కట్టుకున్న పాత లుంగీయే తెర, ఆ తెర వెనక ఎవరి ఇల్లు వాళ్లది. వంట వంతులవారీగా. నేను పచ్చిపులుసు చేసిన రోజు కడప ఆయనకు కారం చాలేది కాదు, మలయాళీలు కొబ్బరేది అనేవాళ్లు, ఖాన్ సాబ్ గిన్నెలోకి తొంగిచూసి ఇది కూరేనా అనేవాడు.

తీరిక అంటే మాకు శుక్రవారం. ఎండ ఎక్కకముందే ఖాళీ పార్కింగ్ స్థలంలో క్రికెట్. టెన్నిస్ బంతికి ఎలక్ట్రిక్ టేపు చుట్టి ఆడేవాళ్లం, అది పాకిస్తాన్ వాళ్ల దగ్గర నేర్చుకున్న విద్య. తర్వాత బట్టలు ఉతుక్కోవడం, తలస్నానం, జుమా. నేను టోపీ పెట్టుకుని బయల్దేరుతుంటే ఊరి పక్క అన్న నవ్వేవాడు: "నీకేంది సాయబూ, ఇది మీ దేశమే గదా!"

నా దేశమే అయితే జీతం ఆయనకంటే ఒక్క దిర్హం ఎక్కువ రావాలి గదా. ఖుత్బా అరబ్బీలో సాగేది, నాకు నాలుగు మాటలు తెలిసేవి. నమాజులో ఒక పెద్ద కంపెనీ యజమాని భుజానికి భుజం ఆనించి నిలబడ్డ రోజులున్నాయి. సలాం తిప్పి బయటికొచ్చాక ఆయన కారు ఆయనది, నా బస్సు నాది.

సాయంత్రం రోల్లాకు పోయేవాళ్లం. రోల్లా అంటే మర్రిచెట్టు. ఆ చెట్టు కూలి చాలా ఏళ్లయింది, పేరు మిగిలింది. సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లు సకినాల మూటలు తెచ్చేది అక్కడికే. ఎవరి బిడ్డ పెళ్లి కుదిరింది, ఎవరి బోరు ఎండింది, అన్నీ అక్కడే తెలిసేవి.

మా గది మలయాళీలలో ఒకడు ముస్లిం, ఒకడు హిందువు. ఓణం వస్తే ఇద్దరూ పక్కపక్కన అరటాకు ముందు కూర్చునేవాళ్లు. "నీకు మలయాళం ఎలా వచ్చు?" అని ఆ ముస్లింను అడిగినవాణ్ణి నేను చూడలేదు. ఒకసారి ఉగాదికి తెలుగువాళ్లంతా చేరితే నేనూ వెళ్లాను. పేరు చెప్పగానే ఒకావిడ, "అరె, తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!" అంది. మెచ్చుకోలే, కాదనను. కానీ ఇంటివాణ్ణి పట్టుకుని, ఈ ఇల్లు మీకు బాగా తెలుసే అని ఎవరైనా మెచ్చుకుంటారా? ఇక నా ఉర్దూ సంగతంటారా, నేను 'నక్కో', 'హౌ' అంటుంటే ఖాన్ సాబ్ పడీపడీ నవ్వేవాడు.

2021 అక్టోబర్ 24, ఆదివారం. దుబాయ్‌లో టీ ట్వంటీ ప్రపంచ కప్పు, భారత్‌కూ పాకిస్తాన్‌కూ ఆట. టికెట్టు కొనే స్తోమత లేక, ఫోన్‌ను నీళ్ల డబ్బాకు ఆనించి ఆరుగురం చూశాం. మనవాళ్లు 151 కొట్టారు. పాకిస్తాన్ ఒక్క వికెట్టూ పోకుండా దాటేసింది.

ఈ రెండు దేశాల ఆట ఉన్న రోజు మా ఊరి హోటల్ దగ్గరికి పోవాలంటే చిన్నప్పటి నుంచీ నాకు జంకు. మనం గెలిస్తే అరవాలి, పక్కవాడికంటే కొంచెం గట్టిగా. ఓడితే మొహం ఎట్లా పెట్టాలో తెలిసేది కాదు. మా గదిలో ఎవరూ నా మొహం వంక చూడలేదు. చూడాలని ఖాన్ సాబ్‌కు తోచనే లేదు. ఆయన లెక్కలో నేను ఓడినవాణ్ణి. కాసేపు గంతులేసి, వెళ్లి అందరికీ చాయ్ పెట్టి తెచ్చాడు. నాకు గ్లాసు ఇస్తూ, "మీవాళ్లు ఇయ్యాల సరిగ్గా ఆడలేదు భాయ్" అని ఓదార్చాడు. మీవాళ్లు! ఆ మాట నా దేశానికి వర్తించేలా ఒక మనిషి నాతో అనడం అదే మొదలు.

చాయ్ తాగుతూ ఫోన్ చూస్తే షమీని తిడుతున్నారు. ద్రోహి అని, డబ్బు తిన్నాడని, పాకిస్తాన్ పొమ్మని. ఆ రోజు బంతి వేసినవాళ్లలో ఒక్కరికీ వికెట్టు పడలేదు. మిగతావాళ్లది ఓటమి, షమీది మాత్రం ద్రోహం! వారం తిరక్కుండానే కెప్టెన్ కోహ్లీ పత్రికలవాళ్ల ముందు షమీ తరఫున గట్టిగా నిలబడ్డాడు. సంతోషించాను. కానీ దేశం కోసం అన్నేళ్లు బంతి వేసినవాడికి ఇంకొకరు పూచీ ఉండాల్సి వచ్చిందే!

2022 జనవరి నుంచి అక్కడి సర్కారు సెలవులు మార్చింది. శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం సగం పూట. షార్జా సర్కారు శుక్రవారం కూడా పూర్తిగా వదిలింది. అదంతా ఆఫీసుల సంగతి. మా కంపెనీ మాకు ఆదివారం ఒక్కటే ఇచ్చింది. ముస్లిం దేశంలో ఉండి, జుమాకు పోవడానికి సూపర్‌వైజర్‌ను గంటసేపు పర్మిషన్ అడగడం మొదలుపెట్టాను. ఆ సూపర్‌వైజరూ ముస్లిమే. రోల్లాకు వచ్చేవాళ్లు కూడా తలో రోజుకు చెదిరిపోయారు.

ఆ ఎండాకాలం సెలవు మీద ఊరికి వచ్చాను. హోటల్ దగ్గర చిన్ననాటి దోస్తు కౌగిలించుకున్నాడు, చాయ్ చెప్పాడు. తర్వాత అడిగాడు: "దుబాయ్‌ల మ్యాచ్ మీ దగ్గర్నే గదా అయింది. నువ్వు ఎవల దిక్కున్నవ్ సాయబూ?" నవ్వుతూనే అడిగాడు. వాడి మనసులో విషం లేదని నాకు తెలుసు. ఖాన్ సాబ్ చాయ్ సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే, పాకిస్తానోనితో ఒక్క గదిల ఉంటున్నవా అని మొదలవుతుంది. చాయ్ డబ్బులు నేనే ఇచ్చి, వాళ్ల నాయన ఆరోగ్యం ఎట్లుందని అడిగాను.