పానకరస న్యాయము, మసాలా ముద్ద



భాషాప్రవీణ చదివిన రోజుల్లో మేము బట్టీపట్టిన వాటిలో పానకరస న్యాయం ఒకటి. బెల్లం, మిరియాలు, ఏలకులు నీటిలో కలిసి పానకమైన తరువాత, త్రాగేవానికి ఇది బెల్లం, ఇది మిరియం అని విడివిడిగా తోచదు. అన్నీ కలిసి అపూర్వమైన వేరొక రుచిగా తోస్తాయి. కావ్యరసం కూడా ఇట్లే ఆస్వాద్యమవుతుందని పదకొండవ శతాబ్దపు మమ్మటుడు కావ్యప్రకాశంలో చెప్పాడు. అంతకు ఎంతో ముందే భరతముని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో రసమంటే ఏమిటన్న ప్రశ్న వేసుకొని, సమాధానానికి వంటయింటి వైపే చేయి చూపాడు. బెల్లం మొదలైన ద్రవ్యాలు, వ్యంజనాలు, ఓషధులు కలిసి ఏ విధంగా రుచిగా పరిణమిస్తాయో, భావాలు కలిసి ఆ విధంగా రసమవుతాయన్నాడు. అనకాపల్లి బెల్లం తిని పెరిగిన మా చీడికాడ వారికి, ముని తన పట్టికను బెల్లంతో మొదలుపెట్టడం కొంచెం గర్వకారణం కూడాను.

ఈ న్యాయం భంగమైతే ఏమవుతుందో చెప్పడానికి నేనిప్పుడు కావ్యాల జోలికి పోను. ఒక సీసాలోని మసాలా ముద్ద చాలు.

మసాలా ముద్ద ఎరుగని ఇల్లు ఈనాడు అరుదు. ఉల్లిపాయలు, టమాటాలు, అల్లం, వెల్లుల్లి, ధనియాలు, జీలకర్ర, కొన్ని లవంగాలు, చిన్న దాల్చినచెక్క, చారెడు గసగసాలు, ఒక ఎండుకొబ్బరి ముక్క. వీటిని వేయించి, నూరి, మళ్ళీ నూనెలో మగ్గబెట్టి సీసాకెత్తితే నాలుగైదు రోజులు వంకాయకైనా, బంగాళాదుంపకైనా, కోడిగుడ్డుకైనా అదే ఆధారం. ఆలంకారికుల మాటల్లో చెప్పాలంటే కూరలో వంకాయ అంగి, ముద్ద అంగం. అంగమైనది అంగిని పోషించాలి గాని మ్రింగివేయరాదు. ముద్దలోని ఏ ఒక్క దినుసు తలయెత్తినా ఆ వారమంతా అన్ని కూరలూ ఒకే కూర అవుతాయి.

ఇక్కడొక భేదం గమనించాలి. మన వైపు అరటికాయకో, పనసపొట్టుకో ఆవ పెట్టినప్పుడు ఆ ఘాటు ముక్కుకెక్కవలసిందే. అక్కడ ఆవకు పట్టాభిషేకం మనమే చేశాం. పది కూరలకు పునాది కావలసిన ముద్దకు మాత్రం ఆ న్యాయం వర్తించదు. ఇంగ్లండులో సిల్హెట్ ప్రాంతం నుండి వెళ్ళినవారు నడిపిన భోజనశాలలలో ఇదే కిటుకు స్థిరపడింది. పెద్ద గుండిగలో ఉల్లిపాయలను మెత్తగా ఉడికించి, రుబ్బి, ఆ పులుసునే ప్రతి కూరకూ మూలంగా వాడతారు. దానిని ఒంటిగా రుచి చూస్తే చప్పచప్పగా ఉంటుంది. ఆ చప్పదనమే దాని గుణం. ఏ కూరలోనైనా ఒదిగిపోతుంది.

సరే, ముద్దలో ఒక వాసన ముంచెత్తింది. ఏం చేయాలి? ముందుగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది పచ్చివాసనా, మాడువాసనా, మోతాదు మించిన వాసనా?

పచ్చివాసన అయితే దిగులు పడనక్కరలేదు. వెల్లుల్లి రెబ్బ చితికే వరకు దాని ఘాటు నిద్రలోనే ఉంటుంది. చితకగానే అంతవరకు వేరువేరు అరల్లో ఉన్న అల్లిన్ అనే పదార్థమూ, ఒక ఎంజైమూ కలుసుకొని అల్లిసిన్ పుడుతుంది. మనల్ని అదరగొట్టేది అదే. ఉల్లిపాయ ఘాటు కూడా ఇటువంటి కలయిక వల్లనే పుడుతుంది. అందుకే పచ్చి ఉల్లిపాయలను మిక్సీలో మెత్తగా తిప్పిన ముద్ద ఘాటుగానూ, ఒక్కొక్కప్పుడు చేదుగానూ ఉంటుంది. వాటినే ఉడికించిగాని వేయించిగాని నూరితే సాధువుగా ఉంటుంది. వేడి తగిలితే ఎంజైము పని ముగుస్తుంది. కనుక పచ్చివాసన వేసే ముద్దను తిరిగి మూకుట్లో వేసి, సన్నని సెగ మీద, నూనె అంచుల వెంట తేలేదాకా ఓపికగా కలిపితే దారికి వస్తుంది.

మాడువాసనకు మందు లేదు. జీలకర్రగాని, వెల్లుల్లిగాని, మెంతులు వేసే అలవాటున్నవారికి మెంతులుగాని నల్లబడితే ఆ చేదు ముద్దంతా ప్రాకుతుంది. పారబోయడమే. బెల్లం వేసి కప్పిపుచ్చుదామని చూస్తే తీపీ చేదూ రెండూ మిగులుతాయి.

మూడవది మోతాదు. ఇందులో ప్రథమ నేరస్థుడు లవంగం. అది పూమొగ్గ. వికసించక ముందే కోసి ఎండబెడతారు. దాని తైలంలో అధికభాగం యూజినాల్ అనే పదార్థం. పంటి నొప్పికి లవంగ నూనె పెడితే చిగురు మొద్దుబారేది దీనివల్లనే. ఇది నూనెలో చక్కగా కరుగుతుంది, నీటిలో అంతగా కరగదు. ముద్ద పైన తేలిన నూనెను గరిటెతో తీసివేస్తే కొంత లవంగం దానితోపాటు పోతుంది. మిగిలినదానికి లవంగం, దాల్చినచెక్క లేకుండా అంతే ముద్ద మరొకటి చేసి రెండింటినీ కలపాలి. గసగసాలు, కొబ్బరిపాలు కొంత మెత్తదనమిస్తాయి గాని అసలు చికిత్స కలపడమే. పడిన దినుసును ఏరి తీయలేము, చుట్టూ ఉన్నదాన్ని పెంచగలం, అంతే.

ఇంతవరకు వంటశాస్త్రం. ఇక మా ఇంటి సంగతి చిత్తగించండి.

నా సహధర్మచారిణికి 2021 వేసవిలో కరోనా సోకింది. తేలికగానే గడిచింది. వాసన మాత్రం పూర్తిగా పోయి, కొన్ని నెలలకు పావువంతో, అర్ధమో తిరిగివచ్చింది. ప్రాణాలు దక్కిన సంతోషంలో ఆ మిగిలిన ముప్పావు మాట ఇద్దరమూ తలపెట్టలేదు. వయసు మీద పడినవారికి వాసనశక్తి కొంత తగ్గడం మామూలే కూడా. మొన్న వేసవి సెలవులకు మా మనుమడు వచ్చాడు. మొదటి ముద్ద నోట పెట్టుకొని, "అమ్మమ్మా, కూర పళ్ళపొడి వాసన వేస్తోంది" అన్నాడు. పిల్లవాడు సత్యమే పలికాడు. పళ్ళపొడిలో వేసేదీ లవంగమే కదా! ఆమె గిన్నె తెప్పించుకొని రెండుసార్లు రుచి చూసింది. "నాకేమీ తగలడం లేదే" అంది. ఆ రాత్రి పాలు తోడుపెడుతూ, "ఎవరినైనా వంటమనిషిని చూడండి. ఈ చేతిలో ఇంక పస లేదు" అంది.

ఊళ్ళో పెళ్ళిళ్ళకు ఉప్పు చూడడానికి పిలిపించుకొనేవారు ఆమెను. ఆ మాట అన్నది ఆమె గనుక, నేను ఊరుకోదలచలేదు.

మర్నాడు లవంగాల డబ్బా చూశాను. చోడవరం దుకాణంలో ఎప్పుడూ కొనే సరుకే. మిక్సీలో దోషం లేదు, సీసాలో లేదు. అప్పుడు ఆమెను పిలిచి, "కిలో ఉల్లిపాయలకు లవంగాలు ఎన్ని వేస్తావో అరచేతిలో పెట్టు" అన్నాను. చూడకుండానే డబ్బాలో చేయి పెట్టి తీసింది. లెక్కపెడితే ఆరు. సరిగ్గా ఉండవలసినన్ని. ఆ పూట పొయ్యి దగ్గర ముద్ద చేయమని ప్రక్కన నిలబడ్డాను. ఆరు వేసింది. ఆవిరి ముఖానికి తగలనిచ్చింది, ఒక్క క్షణం ఆగింది, మరి నాలుగు వేసింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ నాలుగు. చేయి ఎప్పటిలాగే నమ్మకంగా ఉంది. చాలునని చెప్పవలసిన ముక్కు మాత్రం పలకడం లేదు. నలభై ఏళ్ళుగా చేతికొలత అనుకుంటున్నది నిజానికి చేయీ ముక్కూ కలిసి చేసిన కొలత.

మనం రుచి అనేదానిలో నాలుక పాలు చిన్నది. తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసరసాదుల్లో ఉండే ఉమామి, ఈ అయిదింటినే నాలుక ఎరుగుతుందని నేటి శాస్త్రం. లవంగం, ధనియం, జీలకర్ర అని పేరుపెట్టి చెప్పేది ముక్కు. ముక్కులోని గ్రాహకాల గుట్టు విప్పినందుకు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ అనేవారికి 2004లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన షడ్రసాలలో ఒకటైన కారం నేటి లెక్కలో రుచే కాదు, మంటను తెలిపే నరం పని. మిరపలోని కారాన్ని పట్టే గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ అందుకున్నవారిలో ఒకరు. ఇది తెలిసిన తరువాత మా ఇంటి ముద్ద అర్థమైంది. వాసన తగ్గినా మంట మిగులుతుంది. అందుకే ఆమె కూరల్లో కారం, అల్లం కూడా ఈ మధ్య హెచ్చాయి. పెదవికి తగిలేవి అవే మరి.

ఆ సీసాను పైన చెప్పిన పద్ధతిలోనే బాగుచేశాం. నూనె తీశాం, లవంగం లేని ముద్ద చేసి కలిపాం. వారానికి చేసుకున్నది రెండు వారాలకు వచ్చేటంత అయి, ఇరుగుపొరుగుకు కూడా చేరింది.

ముక్కు సంగతి విశాఖలో ఒక వైద్యునికి చూపించాం. ఆయన ఔషధం వ్రాయలేదు, అభ్యాసం చెప్పాడు. జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రకటించిన పద్ధతి అది. నాలుగు వాసనలను రోజుకు రెండుసార్లు, పన్నెండు వారాలు, మనసుపెట్టి పీల్చాలి. అవి గులాబి, నీలగిరి తైలం, నిమ్మ, నాలుగవది లవంగం! వినగానే ఆమె నవ్వింది. ఆ వారంలో అదే మొదటి నవ్వు.

ఇప్పుడు ఉదయం దీపం పెట్టిన తరువాత ఒకసారి, సాయంత్రం ఒకసారి నాలుగు చిన్న సీసాలు వరుసగా మూత తీస్తుంది. పన్నెండు వారాలూ దాటాయి. నిమ్మ బాగా తెలుస్తోందట. లవంగం దూరంగా సాంబ్రాణి వేసినట్లు ఉందట. గులాబి ఇంకా రాలేదు. అందరికీ పూర్తిగా తిరిగివస్తుందన్న హామీ లేదని వైద్యుడు ముందే చెప్పాడు.

వంటకు నియమం ఆమే పెట్టుకుంది. పొయ్యి వెలిగించక ముందే దినుసులన్నీ పళ్ళెంలో లెక్కపెట్టి, డబ్బాలు అలమారలోకి పోవాలి. వెలిగించిన తరువాత లవంగం ముట్టరాదు. కొలతలు చెబుతుంటే నేను నోటుపుస్తకంలో వ్రాసిపెట్టాను. చివర గరిటె నా ముందుకు చాపి, "చూడండి" అంటుంది. నేను ఉన్నది చెబుతాను. దించాలా, ఇంకా మగ్గాలా అన్న తీర్పు మాత్రం ఆమెదే. వంటమనిషి మాట మళ్ళీ రాలేదు.

రసం ద్రవ్యంలో ఉన్నదా, ఆస్వాదించేవానిలో ఉన్నదా అని మా గురువులు గంటలకొద్దీ వాదించేవారు. సహృదయుడు లేనిదే రసం లేదని చివరకు తేల్చేవారు. వండేవారే ఆ వంటకు తొలి సహృదయులు. ఏ ఇంట్లోనైనా పెద్దవారి చేతివంట ఉన్నట్టుండి ఘాటెక్కితే, ఉప్పు హెచ్చితే, "ఈ మధ్య నీ వంట మారిపోయింది" అనే ముందు ఒక లవంగం నలిపి వారి ముక్కు దగ్గర పెట్టి చూడండి. సరిదిద్దవలసింది ముద్ద ఒక్కటే కాకపోవచ్చు.

మీ ఇండ్లలో కిలో ఉల్లిపాయలకు ఎన్ని లవంగాలు వేస్తారో తెలుపగలరు. మా నోటుపుస్తకంలో ఆ పుట ప్రక్కన కొంత చోటు విడిచిపెట్టి ఉంచాను.