కారు అడుగు పలకలు

"పంతులమ్మగారూ, ఆడోళ్ళకు ఈ మోటరు సామాన్ల గోల యెందుకమ్మా?" అని మొన్న ఆదోనిలో ఒక పెద్దమనిషి నన్నడిగెను. అప్పుడు నేను మెకానిక్కు షెడ్డులో కూర్చుండి, మా మేనల్లుని కారు క్రింది పలకలను తిరిగి బిగింపవలెనని వాదించుచుంటిని. ముప్పది యేండ్లు బాలికలకు భౌతికశాస్త్రము బోధించిన దానను గనుక గాలి యెట్లు పారునో, నూనె యెందుకు వేడెక్కునో నాకు కొంత తెలియును. అయినను ఆయన ప్రశ్నకు నా మనస్సున తోచిన సమాధానము శాస్త్రము కాదు. ఒక రాత్రి మా యింట జరిగిన సంగతి. దానిని షెడ్డులో పదిమంది నడుమ చెప్పుట యిష్టము లేక యూరకుంటిని. ఇచట చెప్పెదను.

మా అన్నగారు కాలము చేసిన తరువాత వదినయు, వారి కుమారుడును పత్తికొండలో నాయొద్దనే యుండిరి. పిల్లవాడు పెద్దవాడై ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నాడు. 2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగరపు టొడ్డున ఫార్ములా ఈ యను విద్యుత్తు కార్ల పందెము జరిగెను. దానిని చూచివచ్చిన నాటినుండి వానికి వేరొక ధ్యాస లేకుండెను. మరుసటి యేట, ఎవరో వాడి యమ్మిన స్పోర్ట్సు కారు నొకదానిని కొని తెచ్చెను. దానికి రెండే తలుపులు, రెండే సీట్లు. ధర యెంతయో వాడు చెప్పలేదు, నేనడుగలేదు. దాని యడుగునకును నేలకును నడుమ నా జానలో సగము కొలత మాత్రమే యుండెను. మా వీధిలోని స్పీడు బ్రేకరును దాటునప్పుడెల్ల వాడు కారును ఏటవాలుగా త్రిప్పి, ఒక్కొక్క చక్రమునే ఎక్కించి దింపుచుండెడివాడు. వీధి పిల్లలకది గొప్ప వినోదము.

ఇట్టి కారు అడుగున ముక్కు మొదలు వెనుకవరకు నల్లని ప్లాస్టిక్కు పలకలు వరుసగా బిగించి యుండును. మన యూళ్ళ మెకానిక్కులు వానినన్నిటిని 'గార్డు' అందురు. ఆ పేరే సగము చిక్కునకు మూలము. గార్డనగానే అది బండరాతిని కూడ అడ్డుకొనునని మనమనుకొందుము. పెద్ద రాతికి ప్లాస్టిక్కు పలక లెక్కలోనిది కాదు. అది యాపునది చిన్న కంకరను, బురదను, నీటిని, ఎగిరివచ్చు పుల్లలను. దాని రెండవ పని గాలికి సంబంధించినది. పలకలు లేని కారు క్రింద గొట్టములును, ఇనుప కమ్ములును, గుంతలును బయటపడి, గాలి వానికి తగిలి సుడులు తిరిగి, కారును వెనుకకు లాగును. చదునైన అడుగు క్రింద గాలి సాఫీగా జారిపోవును. అందువలన పెట్రోలు ఆదా యగును; వేగమున పోవునప్పుడు కారు తేలిపోవక నేల నంటి యుండును. అంతే కాదు, రేడియేటరు గుండ దూరిన గాలి యే దారిని వెలికి పోవలెనో ముందరి పలకయే నిర్ణయించును. కొన్ని కార్లలో దానిని తీసివేసినచో ఇంజను చల్లబడుటకు మారుగా మరింత వేడెక్కును.

కారు క్రింది గాలి యెంతటిదో పందెముల వారికి బాగుగ తెలియును. లోటస్ అను బ్రిటిషు సంస్థవారు 1977లోను, 1978లోను తమ పందెపు కార్ల అడుగును తలక్రిందు చేసిన విమానపు రెక్కవలె మలచి, క్రింద పారు గాలిచేతనే కారు నేలకు అదుముకొని పోవునట్లు చేసిరి. 1978లో ఆ కారును నడపియే మారియో ఆండ్రెట్టి ప్రపంచ విజేత యయ్యెను. ఆ వేగము హద్దు మీరుట చూచి, 1983లో ఫార్ములా వన్ కార్ల అడుగు చదునుగా నుండవలెనని నియమము చేసిరి. ఇదంతయు మా మేనల్లుడు నాకు చెప్పినదే. బడిలో నేను చెప్పిన పాఠము వాడెన్నడును ఇంత శ్రద్ధతో వినలేదు!

తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి ప్రాంతపు పొలములలో వజ్రముల వేట మొదలగుట మావైపు వారందరెరిగినదే. దూరపు జిల్లాలనుండి జనులు వచ్చి, తలలు వంచుకొని, నేలమీద చూపు నిలిపి పగలెల్ల నడచుచుందురు. ఆ చిత్రము స్నేహితునికి చూపింతునని వాడు కారును తారు రోడ్డునుండి బండ్ల బాటలోనికి దింపెను. వజ్రము దొరకలేదు గాని రాయి మాత్రము దొరికెను, కారు ముక్కు క్రింద. ఆ దగ్గరనే ఎర్రగుడి గుట్టపై అశోకుని శాసనములు కలవు. బాటల వెంబడి బావులు త్రవ్వించి, చెట్లు నాటించిన సంగతి ఆ చక్రవర్తి వానిలో నొకదాన చెప్పుకొన్నాడు. బాటలోని రాళ్ళు తీయించినట్లు మాత్రము చెప్పలేదు. ముందరి పలక చినిగి, రోడ్డు పొడవున గీచుకొనుచు, ఊరంతయు వినునట్లు కారు ఇల్లు చేరెను.

ఆదోని షెడ్డులో ఆ పలకను దింపి చూడగా, దానిలో నల్లని నూనె మడుగు కట్టి యుండెను. ఆయిల్ చాంబరు అంచునుండి సన్నగా కారుచున్న నూనె యెన్ని నెలలనుండియో పలకలోనే నిలిచెను. మా వాకిట ఒక్క చుక్కయైనను పడకుండుటచే ఎవరికిని తెలియలేదు.

"చూడండమ్మా, ఈ గార్డు లేకుంటే లీకు ఆ పొద్దే తెలిసేది. వేడికి అంటుకుంటే ఏం గతి? తీసి పారేద్దాం. ఊరికే ఇన్ని మరలు విప్పేదీ బిగించేదీ తప్పుతుంది" అని మెకానిక్కు చెప్పెను. మేనల్లుడు సందేహించెను. ముందుగా సరేయన్నది నేనే. మూసి యుంచినదెల్ల చెడుననియు, తలుపులు తెరచి వెలుతురు రానీయవలెననియు జన్మమంతయు వాదించిన దానను. కారు విషయమునను అదే న్యాయమని పొంగిపోతిని. ఇంజను ఇక కంటికి కనబడుచుండునని సంతోషించితిని. లీకు బాగుచేయించి, పలకలను కడిగి, అటకమీద పెట్టించితిని.

మా నల్లరేగడి నేల స్వభావము తెలియనివారికి ఒక్క మాట చెప్పవలెను. ఎండకది కాలు దూరునంత నెఱ్ఱెలు విచ్చును. వానకు జిగురై, త్రొక్కినవాని చెప్పును ఊడలాగును. చక్రమునకంటిన ముద్ద విదిలించిన నూడదు. ఎండిన పిదప రాయియగును. ప్రత్తి, వేరుసెనగ బండ్లు పొలములనుండి రోడ్డెక్కు కాలమున తారుపై సైతము ఆ మన్ను పొరలుగా పేరుకొనును.

ఆ యేడు దసరా సెలవులలో ఒక రాత్రి పదకొండు గంటల వేళ వదినకు ఉబ్బసము ముదిరెను. 2005 నుండి మన రాష్ట్రమున 108 బండ్లు తిరుగుచున్నవి. ఆ నంబరే ముందుగా నొక్కవలసినది. "మన కారు వాకిట నుండగా వారికొరకు కనిపెట్టుకొని యుండుటేల?" అంటిని. ఈ మాట అన్నదియు నేనే. సీట్లు రెండే గనుక తల్లియు కొడుకును ఆదోనికి బయలుదేరిరి. నేను గడపలో నిలిచిపోతిని. అరగంట కాకమున్నే ఫోను వచ్చెను. ఎఱ్ఱ దీపము వెలిగెననియు, ఇంజను కాగిపోయి ఆగెననియు, దారిలో దీపమైనను లేదనియు వాడు చెప్పుచుండగా, వెనుక మా వదిన యెగశ్వాస నాకు వినబడుచుండెను. వెంటనే 108కి చెప్పితిని. ఆ బండి వచ్చులోపల, టమాటా బుట్టలు దింపి మరలుచున్న వ్యాను డ్రైవరొకడు కారు నొద్ద ఆగి, వదినను తన ప్రక్క కూర్చుండబెట్టుకొని ఆసుపత్రికి చేర్చెను. తెల్లవారుసరికి ఆమెకు ఊపిరి కుదుట పడెను. ఆ డ్రైవరు పేరైనను మేమడుగలేదు.

ఇంజను బెల్టు తిరుగు కప్పీలో కంకరతో కలిసిన రేగడి ముద్ద ఇరుకుకొని, బెల్టు జారిపోయెనని మరునాడు తెలిసెను. నీటి పంపును, బ్యాటరీకి కరెంటిచ్చు యంత్రమును త్రిప్పునది ఆ బెల్టే. పలక యుండినచో అది తప్పక నిలిచెడిదని నేను ప్రమాణము చేయజాలను, బెల్టును పాతదే. కాని మన్ను ఏ దారిని వచ్చెనో చూచితిని. ఆ దారి నేను తెరిపించినదే.

ఇక పలకలు తిరిగి పెట్టవలెననగా, "అయితే ఇనుప రేకు కొట్టిద్దాం" అని మెకానిక్కు సలహా యిచ్చెను. పొలములలో తిరుగు జీపునకది తగును. ఈ కారునకు అడుగున మిగిలియున్నది సగము జానెడే; రేకు దానిలోను కొంత తినును, బరువు పెంచును, వేడిని పట్టియుంచును. పెద్ద రాయి తగిలినచో ఆ దెబ్బను బిగించిన చోట్లకు పంపును. కావున ప్లాస్టిక్కు పలకలనే బిగింప నిశ్చయించితిమి. చినిగిన దానికి మారుగా క్రొత్తది బెంగుళూరునుండి తెప్పించితిమి. దానిని త్రిప్పి చూడగా, నూనె తీయు మరకు సరిగా క్రింద చిన్న మూత యొకటి యుండెను. పాతదానికిని ఉండెను, మట్టిక్రింద ఎవరికిని కనబడలేదు. ముందరి పలకను వానలకు ముందొకసారి, వెనుక నొకసారి దింపి, కడిగి, నూనె తడి యేమైన గలదేమో చూడవలెనని వానిచేత ఒప్పించితిని. కూలి దండుగయని మేనల్లుడు గొణిగెను. వదిన మాత్రము ఆ కారిక నెక్కనని చెప్పినది, మాట నిలుపుకొనుచున్నది.

పెద్దమనిషి నన్నా ప్రశ్న యడిగిన దినమున మెకానిక్కు మరలను ఒక్కొక్కటిగా బిగించుచుండెను. 32 ఉండవలసినవి 30 మాత్రమే దొరికెను. "రెండు లేకుంటే ఏం కాదులేమ్మా" అనెను. దుకాణమునుండి ఆ రెండును తెప్పించువరకు నేను స్టూలుమీదనుండి లేవలేదు.