పచ్చ అంటే ఏ పచ్చ?

మోత్కూరులోని ఆ నేతింట్లో గొడవ రెండు నూలు చిలపల దగ్గర మొదలైంది. ఒకటి ముదురు ఆకుపచ్చ, ఇంకొకటి ముదురు నీలం. కండెలు చుడుతున్న పెద్దావిడ ఆకుపచ్చ అనుకుని నీలం చుట్టేసింది. ట్యూబులైటు వెలుతురులో కొడుకూ గమనించలేదు. మూరెడు కొంగు నేశాక గానీ తేడా తెలియలేదు. నేసినదంతా విప్పాల్సి వచ్చింది.

'ఇగ రంగుల జోలికి రాకమ్మా, కోడలు చూస్కుంటది' అన్నాడు విసుగ్గా.

మగ్గం మీద మూరెడు బట్ట పోవడం ఆమెకు కొత్త కాదు. ఆ మాటే కొత్త. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో చెప్పేది ఆమే మరి!

నిజానికి తప్పు ఆమెది కాదు, కంటిలోని కటకానిది. వయసుతోపాటు అది పసుపు బారుతుంది. శుక్లం ముదిరేకొద్దీ లోకాన్ని పసుపు గాజుపలకలోంచి చూస్తున్నట్టే. ఆ పలక నీలి కాంతిని చాలావరకు అడ్డుకుంటుంది. దాంతో తెలుపు మాసినట్టవుతుంది, నీలానికీ ఆకుపచ్చకీ మధ్య తేడా చెరిగిపోతుంది. అంతా ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతుంది కాబట్టి చూసేవాళ్లకు ఆ సంగతే తెలియదు. కామెర్లవాడికి లోకమంతా పచ్చ అంటారు. కామెర్లు వచ్చినవాళ్లకు మామూలుగా అలా ఏమీ కనిపించదు గానీ, శుక్లాలవాళ్లకైతే ఆ సామెత అతికినట్టు సరిపోతుంది.

ఇంతకీ సామెతలోని ఆ పచ్చ ఏ పచ్చ? పసుపు. పచ్చజొన్నల్లోదీ పసుపే. పచ్చికలో ఉన్నది మాత్రం ఆకుపచ్చ. పచ్చబొట్టు దగ్గరికొస్తే నీలమో, పచ్చో తేల్చడం కష్టం. పచ్చి బాలింత, పచ్చి అబద్ధం... ఇక్కడ అసలు రంగే లేదు! తెలుగువాళ్లు రెండు రంగులకూ ఒకే మాట వాడుతూ, అవసరమైనప్పుడు ముందు 'ఆకు' అనో 'పసుపు' అనో తగిలించుకున్నారు. తమాషా ఏమిటంటే కంటి లెక్కా దాదాపు ఇదే. పగటి వెలుతురులో మన కన్ను అన్నిటికంటే తేలిగ్గా పట్టేది 555 నానోమీటర్ల దగ్గరి కాంతిని. అది పసుపు కలిసిన ఆకుపచ్చ. మన 'పచ్చ' సరిగ్గా అక్కడే కూర్చుంది.

అద్దకం చేసేవాళ్లకూ ఈ చుట్టరికం పాతదే. చెట్టునిండా ఆకులున్నా వాటి పచ్చదనం నూలును పట్టుకుని ఉండదు. అందుకే రసాయన రంగులు రాకముందు నూలును మొదట నీలిమందులో ముంచి ఆరబెట్టి, ఆపైన దానిమ్మ తొక్కలతోనో, మోదుగపూలతోనో చేసిన పసుపురంగులో ముంచేవారు. రెండు మునకలు వేస్తే గానీ ఆకుపచ్చ రాదు. వచ్చాకైనా నిలకడ తక్కువ. ఎండకు పసుపు ముందు వెలిసిపోయి కింద నీలం బయటపడుతుంది. యూరప్ మ్యూజియంలలోని పాతకాలపు నేత తెరల మీద చెట్లు నీలంగా కనిపించేది ఇందుకే. ఇదే జిల్లాలోని పుట్టపాకలో నేసే తేలియా రుమాలుకు పేరు తెచ్చిన రంగులు ఎరుపు, నలుపు, తెలుపు. ఆకుపచ్చకు అందులో చోటు దక్కలేదు.

నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ... ఆ పెద్దావిడ కన్ను చేసిందీ ఆ అద్దకమే!

2018 ఆగస్టు 15న తెలంగాణలో 'కంటి వెలుగు' మొదలైంది. శిబిరం తమ ఊరికి వచ్చినప్పుడు కోడలు పట్టుబట్టి అత్తను తీసుకెళ్లింది. రెండు కళ్లలోనూ శుక్లాలన్నారు. ముందు కుడికంటికి ఆపరేషన్.

ఆపరేషన్ గదిలో ఆమె మొహం మీద కప్పింది ఆకుపచ్చ గుడ్డ. రోగికి ధైర్యం కోసమే ఆ రంగు అనుకుంటాం. కానే కాదు, అది డాక్టరు కంటి కోసం. ఒకప్పుడు ఆ గదుల్లో అంతా తెలుపే. ఎర్రటి నెత్తురునే చూసీ చూసీ తల తిప్పితే తెల్లగోడ కళ్లు చెదరగొట్టేది, దానిమీద ఆకుపచ్చ మచ్చలు తేలేవి. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్ తన గదిని ఆకుపచ్చకు మార్చారు. ఆకుపచ్చ మీద ఆ మచ్చలు కలిసిపోతాయి. కావాలంటే మీరూ చూడండి. కుంకుమ బొట్టును అర నిమిషం రెప్పవేయకుండా చూసి, వెంటనే తెల్లకాగితం మీదికి చూపు మళ్లించండి.

పట్టీ తీసిన రోజు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఓసారి కుడికన్ను మూసి, ఓసారి ఎడమకన్ను మూసి దండెం మీది బట్టలు చూసింది. 'ఈ కంటికి తెల్లచీర తెల్లగనే ఉంది. ఆ కంటికేమో పసుపు నీళ్లల్ల ముంచినట్టుంది' అంది. కొడుకు తలొంచుకున్నాడు.

అతనికి ఏదో ఒకటి చేయాలనిపించింది. తల్లి పడుకునే గదికి ఆకుపచ్చ రంగు వేయిద్దామని పెయింట్ల షాపు నుంచి రంగుల కార్డు తెచ్చాడు. మనసుకు ప్రశాంతంగా ఉంటుందని షాపాయన చెప్పాడట. చెప్పడం తేలికే. 1775లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన అందమైన ఆకుపచ్చను యూరప్‌లో ఇళ్లకూ ఇలాగే మురిపెంగా వాడుకున్నారు. అందులో ఉన్నది ఆర్సెనిక్! ఇప్పటి పెయింట్లలో ఆ భయం లేదు గానీ, గోడ రంగొక్కటే మనసును కుదుటపరుస్తుందనడానికి గట్టి ఆధారాలూ లేవు. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ 1984లో వెలువరించిన పరిశోధన ఒకటుంది. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిలో సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుకగోడ. చెట్లను చూసినవాళ్లు సగటున ముప్పావు రోజు ముందే ఇంటికెళ్లారు, బలమైన నొప్పిమందులూ తక్కువే వాడారు. వాళ్లు చూసింది చెట్లను, ఆకుపచ్చ డబ్బాను కాదు.

పైగా ఆకుపచ్చ అన్నిచోట్లా ఒకే మాట చెప్పదు. బిస్కెట్ ప్యాకెట్ మీది చుక్కైతే శాకాహారం, కూడలిలో అయితే పొమ్మని సైగ, రొట్టె మీద కనిపిస్తే బూజు. మోత్కూరు లాంటి మెట్టప్రాంతంలో అయితే వాన. ఎండాకాలమంతా ఎర్రమట్టిని చూసిన కళ్లకు జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాక చెలక మీద లేచే పచ్చిక ఏ కార్డులోనూ దొరకదు.

ఆమె ఆ కార్డును కుడికంటితో చూసి, ఎడమకంటితో చూసి పక్కన పెట్టింది. 'గోడకు సున్నమెయ్యి చాలు. కిటికీకి అడ్డమున్న బీరువ పక్కకు జరుపు బిడ్డా' అంది. బీరువా జరిపితే పెరట్లో వేపచెట్టు కనిపించింది.

ఆ వారమే కొడుకు కొత్త చీరకు రంగులు అద్దాడు. తడి ఆరకముందే రెండు చిలపలు పట్టుకుని ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు.

'అమ్మా, అంచుకు ఏది బాగుంటదో జర చూసి చెప్పు.'

ఆమె వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.